గొంతు లేని మహారాణి: 1912 నాటి ‘క్వీన్ ఎలిజబెత్’ మూకీ చిత్రంపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

ఇప్పుడే మనమంతా కలిసి చూసిన చిత్రం 1912లో ఫ్రాన్సులో తయారైంది. అక్కడ పెట్టిన పేరుకు ‘ఎలిజబెత్ రాణి ప్రేమలు’ అని అర్థం. అమెరికాలో ‘క్వీన్ ఎలిజబెత్’ పేరుతో ఆడింది. నాలుగు రీళ్ళు, సుమారు ముప్పావు గంట. ఎమీల్ మోరో రాసిన నాటకం దీనికి ఆధారం. లూయీ మెర్కాంటన్, ఆన్రీ దెఫోంతెన్ దర్శకులు. రాణి వేషం వేసింది సారా బెర్నార్. చిత్రం నడుస్తుండగా హాల్లో రెండు మూడు చోట్ల నవ్వులు వినిపించాయి. రాణి రెండు చేతులూ పైకెత్తి వెనక్కి తూలినప్పుడొకసారి, చివర మెత్తల గుట్ట మీద బోర్లా పడినప్పుడు మరొకసారి. నవ్విన వారిని నేను తప్పుపట్టను. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఆ చేతులు అతిగానే తోచాయి. అయితే ఆ నవ్వు ఎక్కడి నుంచి పుట్టిందో విచారిస్తే సినిమా గురించి, నాటకం గురించి, ఆ రెండింటి మధ్య జరిగిన ఒక పెద్ద బదిలీ గురించి మనకు చాలా తెలుస్తుందని నా నమ్మకం. ఈ సాయంత్రం ఆ విచారణే చేద్దాం.

ముందుగా ఆమె ఎవరో చెప్పుకోవాలి. 1844లో పుట్టిన సారా బెర్నార్‌కు ఈ చిత్రం తీసేనాటికి 67 ఏళ్ళు. అప్పటికి నాలుగు దశాబ్దాలకు పైగా ఐరోపా రంగస్థలాన్ని ఏలిన నటి ఆమె. పారిస్‌లో ఆమె పేరుతోనే ఒక నాటకశాల ఉండేది, దాన్ని నడిపిందీ ఆమే. స్త్రీ పాత్రలతో ఆగకుండా 1899లో హామ్లెట్ వేషం, మరుసటి సంవత్సరం నెపోలియన్ కొడుకు వేషం వేసి మెప్పించింది. పురుషుడై ఉండి సత్యభామగా జనాన్ని మురిపించిన స్థానం నరసింహారావు గారిని తలచుకునే మన ప్రేక్షకులకు ఇందులో వింత కనిపించదు. నటనకు శరీరం ఒక పనిముట్టు అని మనవాళ్ళు ఎప్పుడో ఒప్పుకున్నారు. కానీ బెర్నార్ కీర్తికి అసలు మూలం వేషం కాదు, గొంతు. దానిని ‘బంగారు గొంతు’ అనేవారు. ఆ మాట మొదట ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో అన్నాడని చెబుతారు. ఫ్రెంచి పద్యనాటకాలలోని దీర్ఘమైన పాదాలను ఆమె పలికే తీరు, ఒక్కో మాటను సాగదీసి, ఒక్కసారి ఉరవడిగా వదిలి, మళ్ళీ గుసగుసలోకి దింపే ఆ ఆరోహణావరోహణలు వినడానికే జనం వచ్చేవారు.

మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒక పద్యనాటకంలో రాయబార ఘట్టాన్ని ఊహించుకోండి. కృష్ణ పాత్రధారి మహా గాయకుడు. హార్మోనియం శ్రుతి పట్టింది, ఆయన నోరు తెరిచాడు, పెదవులు కదులుతున్నాయి, చేయి లేచింది, కానీ పద్యం వినిపించడం లేదు. రాగం లేదు, చివరి పాదం మీద ఆలాపన లేదు. మన లాక్షణికులు అభినయాన్ని ఆంగికం (శరీర కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగుగా చెప్పారు కదా. అందులో దేని వల్ల ఆ నటుడు మహానటుడయ్యాడో సరిగ్గా ఆ వాచికాన్నే కోసివేసి మిగిలినది చూడమంటున్నారు. 1912లో ఈ చిత్రం చూసిన పారిస్ ప్రేక్షకుడి పరిస్థితి అదే. ఆయన చెవిలో ఆ గొంతు జ్ఞాపకంగా మోగుతూనే ఉండి ఉండాలి. మన చెవిలో ఆ జ్ఞాపకం లేదు. మన నవ్వుకు మొదటి కారణం అక్కడ ఉంది.

ఇక కథ. స్పెయిన్ నౌకాదళం ఓడిందన్న వార్త కోసం పదహారో శతాబ్దపు ఇంగ్లండు రాణి ఎలిజబెత్ ఎదురుచూస్తుండగా చిత్రం మొదలవుతుంది. యువకుడైన ఎసెక్స్ ప్రభువు ఆమెకు ఇష్టుడు. ఆ వేషం వేసిన లూ టెలెజెన్ డచ్చి దేశంలో పుట్టినవాడు, వయసులో బెర్నార్ కంటే మూడున్నర దశాబ్దాలకు పైగా చిన్న. కొలువులో షేక్స్పియర్ హాస్య నాటకం ఒకటి ప్రదర్శిస్తారు. తరువాత ఒక సోదె చెప్పే స్త్రీ ఎసెక్స్ చేయి చూసి, ఇతడు వధ్యశిల మీద చనిపోతాడని చెబుతుంది. కలవరపడిన రాణి తన వేలి ఉంగరం తీసి అతనికిచ్చి, ఎంతటి నేరం చేసినా దీనిని నాకు పంపిస్తే క్షమిస్తానని మాట ఇస్తుంది. ఎసెక్స్ మనసు మాత్రం నాటింగ్‌హామ్ ప్రభువు భార్య మీద ఉంది. భర్తకు అనుమానం కలుగుతుంది, ఎసెక్స్ మీద రాజద్రోహం మోపుతూ సంతకం లేని ఉత్తరం రాణికి చేరుతుంది. అతనిని పట్టుకుంటారు, విచారిస్తారు, మరణశిక్ష వేస్తారు. రాణి మనసు ఆగక, ఉంగరం పంపమని చెప్పి రమ్మంటూ ఆ నాటింగ్‌హామ్ భార్యనే చెరసాలకు పంపుతుంది. ఎసెక్స్ ఉంగరం ఇస్తాడు. దారిలో భర్త దానిని లాక్కుని థేమ్స్ నదిలోకి విసిరేస్తాడు. అభిమానం కొద్దీ అతడు క్షమాపణ అడగలేదనుకున్న రాణి శిక్ష అమలు కానిస్తుంది. శవం దగ్గరకు వెళ్ళి చూస్తే వేలికి ఉంగరం ఉండదు. నిజం తెలిసిన రాణి ఆ స్త్రీని ఎన్నటికీ క్షమించలేక, తనను తాను క్షమించుకోలేక ప్రాణం వదులుతుంది.

చరిత్రలో ఎసెక్స్‌కు శిరచ్ఛేదం జరిగింది 1601 ఫిబ్రవరిలో. రాణి మరణించింది 1603 మార్చిలో. ఉంగరం కథ ఆ తరువాత పుట్టిన కట్టుకథ అని చరిత్రకారుల అభిప్రాయం. నాటకకర్త రెండేళ్ళ ఎడాన్ని కుదించి ఆ ఉంగరం చుట్టూ కథ కట్టాడు. ఉంగరం జారిపోయి మాట నిలవకపోవడం శాకుంతలం చదువుకున్న మనకు కొత్త కాదు. అక్కడ చేప కడుపులో దొరికి రాజుకు జ్ఞాపకం తెచ్చిన ఉంగరం ఇక్కడ నది అడుగునే ఉండిపోయింది. మూకీకి ఈ కథ ఎందుకు పనికొచ్చిందో కూడా అందులోనే తెలుస్తుంది. మాట ఒక వస్తువుగా మారింది. క్షమిస్తాను అన్న మాట వినపడకపోయినా ఉంగరం చేతులు మారడం కంటికి కనపడుతుంది. నాటకం నుంచి మూకీకి వెళ్ళే కథలో ఇటువంటి కనపడే ముడి ఒకటి లేకపోతే అంతా పెదవుల కదలికగానే మిగిలిపోయేది. ఈ చిత్రంలోనే న్యాయవిచారణ దృశ్యం చూడండి, అందులో అటువంటి వస్తువు లేదు, అందుకే అది నిస్సారంగా నడిచింది.

ఈ చిత్రాన్ని చాలా మంది విమర్శకులు ఒక్క మాటతో తోసిపుచ్చారు: ఇది సినిమా కాదు, నాటకానికి తీసిన ఫొటో. కెమెరా కదలదు, ముఖాన్ని దగ్గరగా చూపదు, ఒక్కో రంగం దాదాపు ఒకే షాటులో సాగుతుంది, నటీనటులు తల నుంచి పాదం దాకా కనిపిస్తారు. ఇవన్నీ నిజాలే. అయినా ఆ తీర్పు నాకు సమ్మతం కాదు, ఎందుకంటే రంగస్థలాన్ని ఉన్నదున్నట్టుగా కెమెరా పట్టదు. రంగస్థలం ప్రేక్షకుల వైపు వెడల్పుగా ఉండి వెనక్కి పోయేకొద్దీ ఇరుకవుతుంది, పక్కన కూర్చున్నవారికీ కనపడాలి గనుక నటులు ముందు వరుసలో అడ్డంగా పరుచుకుంటారు. కెమెరాకు కనిపించే మేర దీనికి సరిగ్గా తలకిందులు: కటకం దగ్గర సన్నగా మొదలై దూరం పోయేకొద్దీ విప్పారుతుంది. ముందుకు వచ్చిన మనిషి తెరనంతా ఆక్రమిస్తాడు, వెనక్కి వెళ్ళిన మనిషి చిన్నవాడైపోతాడు. అంటే రంగస్థలం మీద కుదిరిన కూర్పు కెమెరా ముందు చెల్లదు, మళ్ళీ కూర్చుకోవాలి. ఎసెక్స్‌ను తీసుకుపోతున్నప్పుడు రాణి ఎక్కడ నిలబడింది, మిగతావారు ఆమెకు ఎంత చోటు వదిలారు, వెనుక ఉన్న గుంపు ఎప్పుడు కదిలి ఎప్పుడు స్తంభించింది, ఇవి గమనిస్తే ఎవరో శ్రద్ధగా ఆలోచించి చేసిన పని అని తెలుస్తుంది. నాటకానికి కుట్టించిన దుస్తులే ఇక్కడా వాడారు. బరువైన ఆ అంగీల మడతలు, మెడ చుట్టూ గట్టిగా నిలిచిన ఆ పట్టీ వల్ల నటి తల తిప్పాలంటే మొత్తం శరీరం తిరగాలి. ఆహార్యం ఆంగికాన్ని ఎలా మలుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

చేతుల సంగతికి వస్తాను. ఆ కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 నుంచి 18 బొమ్మలు పడేవి. టాకీ వచ్చాక వేగం 24గా స్థిరపడింది. పాత చిత్రాన్ని ఆ వేగంతో వేస్తే రెండు నిమిషాల పని ఒకటిన్నర నిమిషం లోపే అయిపోతుంది. నెమ్మదిగా, గంభీరంగా లేచిన చేయి ఉలిక్కిపడి లేచినట్టవుతుంది. మూకీల తరంలో నటులంతా గంతులు వేశారన్న అపోహలో సగం ఈ యంత్రం చేసిన అన్యాయమే. ఈ సాయంత్రం మనం చూసిన ప్రింటు కూడా వేగంగానే నడిచింది. మిగిలిన సగం అభినయ సంప్రదాయం. పెద్ద నాటకశాలలో మేడ మీద చివరి బల్ల దాకా చేరవలసిన హస్తం అది. మన కూచిపూడి భామాకలాపంలో సత్యభామ అలకను ఎవరూ అతి అనరు, అది ఒక భాష అని తెలిసి చూస్తారు. బెర్నార్ చేతులనూ అదే మర్యాదతో చూడమని నా మనవి. ఆ చేతులు ఒక పద్యపాదం నడిచినంత సేపు గాలిలో నిలుస్తాయి. పాదం వినిపించదు, దాని పొడవు మాత్రం కనిపిస్తుంది. గొంతు పోయినా ఛందస్సు పోలేదన్నమాట.

చిత్రంలో నాకు నచ్చని సంగతి ఒకటి ఉంది. ప్రతి రంగానికీ ముందు అక్షరాల పలక వచ్చి, జరగబోయేది ముందే చెప్పేస్తుంది. ఉత్కంఠ అక్కడికక్కడే చచ్చిపోతుంది. మన నాటకాలలో సూత్రధారుడు కథ ముందే చెబుతాడు కదా అని సరిపెట్టుకోవచ్చు, కానీ సూత్రధారుడు ఒకసారి చెప్పి తప్పుకుంటాడు, ఈ పలక రంగం రంగానికీ అడ్డుపడుతుంది. ఇది లోపమే.

ఇప్పుడు అట్లాంటిక్ దాటి వెళదాం, ఎందుకంటే ఈ చిత్రం చరిత్రను మార్చింది పారిస్‌లో కాదు. పారిస్‌లో మోరో నాటకం సరిగా ఆడలేదు, కొద్ది ప్రదర్శనలతోనే ఆగిపోయింది. హంగరీలో రిచె అనే చిన్న ఊరిలో 1873లో పుట్టి, పిల్లవాడిగా అమెరికా చేరి, జంతువుల బొచ్చు తోళ్ళ వ్యాపారం చేసి, అక్కడి నుంచి కదిలే బొమ్మల ప్రదర్శన శాలలలోకి దిగిన అడాల్ఫ్ జూకర్ అమెరికా హక్కులు కొన్నాడు. అప్పటి అమెరికాలో సినిమా అంటే ఐదు సెంట్లిచ్చి చూసే నికెలోడియన్ హాలు. ఒకటి రెండు రీళ్ళ బొమ్మలు, ఒక్కో రీలు పదీ పదిహేను నిమిషాలు. ముప్పావు గంట ఒకే కథను జనం కుదురుగా కూర్చుని చూడరని పంపిణీ పెద్దల నమ్మకం. ఎడిసన్ సారథ్యంలో 1908 చివర ఏర్పడిన, సినిమా యంత్రాల పేటెంట్లు పట్టుకున్న కంపెనీల కూటమి చేతుల్లో పరిశ్రమ బిగిసి ఉంది. జూకర్ దానికి ఎదురీదాడు. రంగస్థల నిర్మాత డేనియల్ ఫ్రోమాన్‌ను కలుపుకుని, 1912 జూలై 12న న్యూయార్క్‌లో ఫ్రోమాన్ లైసియం థియేటరులో, నాటకాలాడే చోటనే ఈ చిత్రాన్ని ప్రదర్శించాడు. జోసెఫ్ కార్ల్ బ్రీల్ దీనికోసం ప్రత్యేకంగా సంగీతం సమకూర్చాడు.

అది విజయవంతమైంది. దానికి నాకు తోచే కారణం ఒకటి ఉంది. బెర్నార్ అంతకు ముందే ఎన్నోసార్లు అమెరికా పర్యటించింది, ప్రతిసారీ ఫ్రెంచిలోనే ఆడింది. ఆ ప్రేక్షకులలో ఎక్కువమందికి ఫ్రెంచి రాదు. మాట అర్థం కాకుండా ఆమెను చూడడం వారికి అలవాటు. పారిస్ ప్రేక్షకుడికి మూకీలో పోయింది ఎక్కువ, అమెరికా ప్రేక్షకుడికి పోయింది తక్కువ, పైగా పలక మీద ఇంగ్లీషులో కథ చదువుకునే వీలు దొరికింది. నాటక బృందం ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్ళకు ఆ మహానటి రీలు డబ్బాలో చేరింది. ‘ప్రసిద్ధ నాటకాలలో ప్రసిద్ధ నటులు’ అన్న నినాదంతో జూకర్ పెట్టిన సంస్థ వరుసగా రంగస్థల నాటకాలను తెరకెక్కించింది. 1916లో అది లాస్కీ అనే మరో చిత్ర నిర్మాణ సంస్థతో కలిసింది, పారమౌంట్ పేరుతో నేటికీ వింటున్న వ్యవస్థ ఆ కలయిక నుంచి పెరిగింది. లాస్కీ సంస్థ 1914లో హాలీవుడ్‌లో ఒక పశువులశాలను స్టూడియోగా చేసుకుని తీసిన తొలి పెద్ద చిత్రం ‘ది స్క్వా మాన్’ కూడా ఎడ్విన్ మిల్టన్ రాయిల్ రాసిన 1905 నాటి నాటకమే. పెద్ద చిత్రం అనే రూపం, దానికి తగిన హాలు, దానికి తగిన టికెట్టు, చూసే మర్యాద, ఇవన్నీ సినిమాకు రంగస్థలం అరణంగా ఇచ్చిన ఆస్తులు. కన్నవారింటి నుంచి అంత తెచ్చుకుని, ఆ చిత్రాన్నే ‘ఫొటో తీసిన నాటకం’ అని చులకన చేయడం నాకు కష్టంగా ఉంటుంది.

అదే 1912లో మన దేశంలో జరిగినదాన్ని దీని పక్కన పెట్టి చూడండి. లైసియంలో ప్రదర్శనకు రెండు నెలల ముందు, మే 18న, బొంబాయి గిర్గామ్‌లోని కొరొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లో దాదాసాహెబ్ తోర్నే ‘శ్రీ పుండలీక్’ విడుదలైంది. అదీ మరాఠీ నాటకమే, కెమెరా ముందు ఆడించి తీసినది. కెమెరా పట్టింది ఆంగ్లేయుడు, రీలు కడిగింది లండన్‌లో, పైగా అది నాటకానికి తీసిన బొమ్మ అన్న కారణాలతో దానిని పక్కన పెట్టి, మరుసటి సంవత్సరం మే 3న అదే హాలులో విడుదలైన ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ను మొదటి భారతీయ కథాచిత్రంగా లెక్కిస్తున్నారు. ఫాల్కే గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. కానీ అందులో తారామతి వేషం వేసింది కూడా పురుషుడే. నాటకం నుంచి సినిమా అంత సులువుగా విడిపోలేదు. ఒకచోట నాటకచిత్రం పెద్ద వ్యాపారానికి పునాది అయితే, మరోచోట నాటకచిత్రం లెక్కలోకే రాకపోవడం చరిత్ర రాసినవారి గీటురాళ్ళ తేడా అని నాకనిపిస్తుంది.

తెలుగువారి సంగతి వేరే దారి పట్టింది. రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో మూకీలు తీశారు, నిజమే. కానీ మన నాటకం నిండుగా తెరకెక్కింది 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’తో. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో సురభి కళాకారులు తమ నాటకాన్ని పాటలతో, పద్యాలతో సహా తెర మీదికి తెచ్చారు. బెర్నార్ తెరకు వస్తూ గొంతును గుమ్మం బయట వదిలి వచ్చింది. ఆ చిత్రంలో నటించిన సురభి కమలాబాయి గొంతుతోనే వచ్చింది. అందుకే మన తొలి టాకీలలో కెమెరా కదలకపోయినా జనానికి లోటు తోచలేదు, చెవి నిండింది. నోరు కట్టేసిన కొన్నేళ్ళలో పడమటి సినిమా కంటితో మాట్లాడడం నేర్చుకుంది. మనం ఆ బడిలో ఎక్కువ కాలం చదవలేదు. దాని లాభనష్టాలు మరో సభకు తగినంత పెద్ద విషయం.

చివరి దృశ్యం గురించి చెప్పి ముగిస్తాను. 1905లో రియో డి జనీరోలో ఒక నాటకంలో గోడ మీద నుంచి దూకే ఘట్టంలో బెర్నార్ కుడి మోకాలు దెబ్బతింది. ఆ బాధ తగ్గలేదు, 1915లో ఆ కాలు తీసివేశారు. అంటే ఈ చిత్రంలో మనం చూసిన నటి ఆ కాలితో నిలబడి ఉంది. సింహాసనం ముందు గుట్టగా పేర్చిన మెత్తలు అలంకారం కోసం మాత్రమే కావు. రాణి తూలి, చేతులు చాచి, నిలువునా ముందుకు పడుతుంది. వంగదు, ఒరగదు, మోకాలు మడవదు. కోట గోడ కూలినట్టు పడుతుంది. రంగస్థలం మీద ఆ పతనానికి ముందు ఆ బంగారు గొంతు చేసే పనంతా ఇక్కడ ఆ ఒక్క పాటు మీద పడింది. 67 ఏళ్ళ వయసులో, దెబ్బతిన్న కాలితో ఆమె దానిని మోసింది.

ఆ తరువాత మరణించిన రాణి లేచి వస్తుంది. రాణిగా కాదు, సారా బెర్నార్‌గా వచ్చి ప్రేక్షకులకు వంగి నమస్కరిస్తుంది. మీలో కొందరు మళ్ళీ నవ్వింది అక్కడే. కానీ మన పద్యనాటకాలలో ‘వన్స్ మోర్’ కేకలు పడితే చనిపోయిన పాత్ర లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ పడుకున్న ముచ్చట్లు మన పెద్దలు ఎన్ని చెప్పలేదు! అక్కడ లేపింది చప్పట్లు. ఇక్కడ ఆమెకు చప్పట్లు వినపడే అవకాశమే లేదు. కెమెరా ఎదుట ఉన్నది తిప్పే మనిషీ, పనివాళ్ళూ మాత్రమే. ఎప్పుడో, ఎక్కడో, తాను చూడని హాళ్ళలో కూర్చోబోయే మనుషులు ఉంటారని నమ్మి ఆమె వంగింది.

ప్రొజెక్టరు దగ్గరున్న మిత్రుడికి ముందే చెప్పి ఉంచాను. నాలుగో రీలును తగిన వేగానికి తగ్గించి ఇప్పుడు మళ్ళీ వేస్తారు. దీపాలు ఆర్పండి.